ఏమీ జరగని మూడు రోజులు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ వ్యాసం అందింది. నన్ను పిన్నిగారూ అని పిలిచావు కనుక నేనూ చనువుగా నువ్వు అనే రాస్తున్నాను.

2025లో ఆగస్టు 15 శుక్రవారం వచ్చింది, మర్నాడు కృష్ణాష్టమి, ఆ తర్వాత ఆదివారం. అలా కలిసొచ్చిన సెలవులకి హైదరాబాద్ నుంచి పాలకొల్లు దగ్గర అమ్మమ్మగారింటికి వెళ్లావు. ఇంటి వంట తిన్నావు, వచ్చిన చుట్టాలతో కూర్చున్నావు, అమ్మమ్మ లేసు అల్లుతుంటే పక్కన చేరి చూశావు, ఆదివారం రాత్రి రైలెక్కావు. వ్యాసం కింద నాకో ప్రశ్న కూడా రాశావు: "చెప్పుకోదగ్గదేమీ జరగలేదు కదా పిన్నిగారూ, ఇలాంటివి ఎవరైనా చదువుతారా?"

చదువుతారు. నేను ఇష్టంగా చదివాను. ఆ ఇంటిమీద నీకున్న ప్రేమ ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. ఇబ్బంది ఎక్కడంటే, ఏమీ జరగలేదని నువ్వు ముందే నమ్మేసి రాయడానికి కూర్చున్నావు. దాంతో జరిగినవన్నీ నీ కంటి ముందు నుంచే జారిపోయాయి. ఈ ఉత్తరం అంతా ఆ ఒక్క సంగతి గురించే.

నీ వాక్యాలే చూడు. "పొద్దున్నే కాఫీ వచ్చింది. తొమ్మిదింటికల్లా దిబ్బరొట్టె సిద్ధం. మధ్యాహ్నం కంద బచ్చలి కూరతో భోజనాలయ్యాయి." ఈ మూడింట్లో ఒక్క మనిషీ లేదు. దిబ్బరొట్టెకి మినప్పప్పు ముందురోజే ఎవరో నానబోశారు. ఎవరో రుబ్బారు, రవ్వ కడిగి కలిపారు. మందపాటి మూకుట్లో నూనె వేసి, పిండి దట్టంగా పరిచి, మూత పెట్టి, సన్నటి సెగ మీద కాలనివ్వాలి. తొందరపడి మంట పెంచితే అడుగు మాడుతుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది. అడుగు ఎర్రగా కరకరలాడుతూ పైన మెత్తగా ఉడికిన రొట్టె నీ కంచంలోకి వచ్చిందంటే, ఒక మనిషి పొయ్యి దగ్గర చాలాసేపు ఓపిక పట్టిందని అర్థం. ఆ మనిషి అమ్మమ్మా, మీ అత్తయ్యా? వ్యాసం మొత్తం వెతికినా నాకు తెలియలేదు. అత్తయ్య పేరు నీ వ్యాసంలో భోజనాల దగ్గర కూడా రాలేదు. వండిన చేతులు ఎవరివో రాయి. ప్రతిచోటా అవసరం లేదు కానీ, ఒక్కచోటా లేకపోవడం మాత్రం ఆ ఇంటికి న్యాయం కాదు.

కంద బచ్చలి కూర గురించి "అమ్మమ్మ చేతిలో ఏదో మహత్యం ఉంది" అన్నావు. ఈ వాక్యం నాకు నచ్చలేదు. అంత పెద్దావిడ ఇన్నేళ్లుగా కూడబెట్టుకున్న తెలివిని మహత్యం అనేస్తే ఇక అడగడానికి, తెలుసుకోవడానికి ఏమీ మిగలదు. అక్కడున్నది తెలివి. కంద చెక్కు తీసేటప్పుడు చేతులు దురద పెడతాయి కనుక ముందే నూనె రాసుకుంటుంది. గొంతు దురద రాకుండా కూరలో చింతపండు పులుసు పడుతుంది. అన్నిటికన్నా మెళకువ ఆవ పెట్టడంలో ఉంది. ఆవగింజ పగలనంతవరకూ ఘాటు ఉండదు, నలిగి నీళ్లు తగిలినప్పుడే పుడుతుంది. ఆ ముద్దని మరుగుతున్న కూరలో వేస్తే ఘాటు పోయి చేదెక్కుతుంది. అందుకే కూర దించి కాస్త ఆరనిచ్చాక ఆవ కలుపుతారు. మీ అమ్మమ్మ గిన్నె దించి, ఆవముద్ద చేత్తో పట్టుకుని, కూర చల్లారే దాకా ఆగి ఉంటుంది. ఆ ఆగడం నువ్వు చూసుంటే వ్యాసంలో కూర రుచి గురించి ఒక్క విశేషణం కూడా వేసే పని ఉండేది కాదు.

ఇప్పుడు లేసు గురించి. నీ వ్యాసంలో బంగారం ఇక్కడుంది, నువ్వేమో నాలుగు వాక్యాల్లో దాటేశావు.

"ఖాళీగా ఉన్నప్పుడు అమ్మమ్మ లేసు అల్లుకుంటుంది" అని రాశావు. నీ చేతే ఈ వాక్యానికి పరీక్ష పెట్టించాలని నా కోరిక. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల ఊళ్లలో లేసు పంతొమ్మిదో శతాబ్దం నుంచీ ఉంది. క్రైస్తవ మిషనరీలు నేర్పిన పని, తర్వాత వేరే కులాల ఇళ్లలోకీ పాకింది. ఏజెంట్లు దారం ఇచ్చి వెళ్తారు, అల్లినవి పట్టుకెళ్తారు. వాడిన దారాన్ని బట్టి కూలి కట్టడం ఇక్కడ పాత అలవాటు. ఒక ఇంట్లో పువ్వులు అల్లితే మరో ఇంట్లో వాటిని ఒకదానికొకటి కలిపే అతుకుపని జరుగుతుంది. అలా తయారైన బల్లగుడ్డలు, దిండు గలేబులు యూరప్, అమెరికా ఇళ్లదాకా వెళ్లాయి. అల్లినావిడకి అవి ఏ బల్ల మీద పరిచారో తెలిసే అవకాశమే లేదు.

1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం ప్రాంతానికి వచ్చి, లేసు అల్లేవాళ్ల మధ్య పరిశోధన చేసింది. ఆ పరిశోధన 1982లో పుస్తకంగా వచ్చింది. ఆమె తేల్చిన విషయం నీ వాక్యానికి నేరుగా తగులుతుంది. ఈ ఆడవాళ్లు ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేస్తున్నారు. కానీ వ్యాపారులూ, ఇంట్లోవాళ్లూ, చాలాసార్లు ఆడవాళ్లే కూడా దాన్ని ఇంటిపట్టున ఉండే గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే పని అనుకున్నారు. అలా అనుకోబట్టే అంత తక్కువ కూలికి ఆ పని నడిచింది. అదే మాటని నువ్వు ప్రేమగా, ఏ చెడ్డ ఉద్దేశం లేకుండా, అమ్మమ్మ గురించి రాశావు. అమ్మమ్మ ఆ మూడు రోజుల్లో నిజంగా ఖాళీగా ఉన్నది ఎప్పుడు? మళ్లీ గుర్తు చేసుకుని చూడు.

ఆ అల్లికనే దగ్గరగా గమనిస్తే నీకు జవాబు దొరుకుతుంది. ఊలు స్వెట్టర్ అల్లేవాళ్లకి వరసలోని కుట్లన్నీ పుల్ల మీదే ఉంటాయి. పుల్ల జారిందంటే కుట్లు ఊడిపోతాయి. లేసు అలా కాదు. కొక్కెం ఉన్న సన్నటి సూది ఒక్కటే. ఒక కుట్టు పూర్తయిందంటే సూదికి మిగిలేది ఒకే ఒక్క దారపు ఉచ్చు. దాన్ని కాస్త పెద్దదిగా లాగి వదిలేస్తే చాలు, పువ్వు సగంలో ఉన్నా పక్కన పెట్టి లేవచ్చు. కుక్కరు కూత వేసినా, పాలవాడు పిలిచినా, మనవరాలు తువ్వాలు ఎక్కడుందని అడిగినా లేచి వెళ్లి, తిరిగొచ్చి ఆగిన చోట అందుకోవచ్చు. రోజంతా ఎవరో ఒకరు పిలుస్తూనే ఉండే మనిషి చేతికి సరిగ్గా సరిపోయిన పని అది. ఈ నేల మీద అది ఇంతగా వేళ్లూనుకోవడానికి ఇది కూడా ఒక కారణమని నా నమ్మకం.

తెల్లదారానికి పసుపు అంటకూడదు. వంటింట్లోంచి వచ్చిన చేతులతో అల్లితే మరక పడుతుంది. సబ్బు పెడితే ఆ పసుపు ఎర్రబడుతుంది, ఎండలో ఆరేస్తే తప్ప వెలవదు. శ్రావణమాసం వానల్లో ఎండ కోసం ఎక్కడ చూస్తాం? కాబట్టి అల్లేవాళ్లు వంటకి దిగకముందో, భోజనాలయ్యి చేతులు బాగా కడుక్కున్నాకో దారం ముట్టుకుంటారు. అమ్మమ్మ నీతో కబుర్లు చెప్తూ అల్లిన మధ్యాహ్నం గంట అలా వంటకీ సాయంత్రం దీపానికీ మధ్యలోంచి తీసిన గంట. అది రాయి అమ్మాయ్. రోజు ఎలా సర్దుకుందో రాస్తే అమ్మమ్మ మొత్తం కనిపిస్తుంది. "ఆవిడ శ్రమకి విశ్రాంతి లేదు" అనే వాక్యం మాత్రం రాయకు. చదివేవాళ్లకి ఆ అవసరం రాకుండా చెయ్యి.

నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. మిషన్ మీద చేసే చవక లేసుతో పోటీ పడలేక చాలామంది పని మానేసిన తర్వాత దొరికిన గుర్తింపు అది. నాకు చాలా సంతోషం కలిగింది. దానివల్ల అల్లే చేతికి ఎంత అందుతోందన్నది మీ అమ్మమ్మని అడిగితే తెలుస్తుంది. ఆవిడ ఇప్పటికీ కూలికి అల్లుతోందా, మనవల కోసమా? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు లేకపోవడం వల్ల నీ వ్యాసం సగంలో ఆగినట్టుంది.

అడగడానికి ఒక పద్ధతి చెప్తాను. ఎదురుగా కూర్చుని ఫోనులో రికార్డు పెట్టుకుని అడిగితే పెద్దవాళ్లు మంచి మాటలు మాత్రమే చెప్తారు. పక్కన కూర్చుని, ఒక సూది నీ చేతిలోకీ తీసుకుని, గొలుసుకుట్టు నేర్పమను. ఇద్దరి కళ్లూ దారం మీద ఉన్నప్పుడు, ఎవరూ ఎవరి మొహంలోకీ చూడక్కర్లేనప్పుడు, బయటికి రాని సంగతులు వస్తాయి. మొదటి సంపాదనతో ఏం కొనుక్కుందో అడుగు. ఆ డబ్బు ఎవరి చేతిలో పెట్టిందో కూడా అడుగు.

చుట్టాలు వచ్చిన ఘట్టం పర్వాలేదు. శనివారం గుమ్మం నుంచి దేవుడి గది దాకా బియ్యప్పిండితో చిన్నికృష్ణుడి పాదాలు వేశారని, అటుకులూ వెన్నా నైవేద్యం పెట్టారని రాసిన భాగం చక్కగా ఉంది, మార్చకు. కానీ పెద్దమ్మ వచ్చి వెళ్లడం ఒక్క వాక్యంలో ముగించావు. ఆవిడ ఏం పట్టుకొచ్చింది? వాళ్ల పెరటి మునక్కాడలా, గిన్నెలో కూరా? గిన్నె తెస్తే మనవైపు దాన్ని ఖాళీగా తిప్పి పంపరు, ఏదో ఒకటి వేసి ఇస్తారు. అందులో మీ అత్తయ్య ఏం వేసిందో చూస్తే ఆ రెండిళ్ల మధ్య ఉన్నదేమిటో తెలుస్తుంది. ఇంకొకటి కూడా గమనించు. చుట్టాలు వచ్చినప్పుడు లోపల కూర్చున్నంతసేపూ ఆరోగ్యాలు, రేట్లు, పెళ్లిళ్లు మాట్లాడుకుంటారు. వచ్చిన అసలు పని గేటు దగ్గర, చెప్పులు వేసుకున్నాక, గొంతు తగ్గించి చెప్తారు. పెద్దమ్మ గేటు దగ్గర అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఏదో అందని నీ చిత్తుప్రతిలో ఉంది, చివరికి కొట్టేశావు. ఎందుకు? అప్పు సంగతైనా, అబ్బాయి ఉద్యోగం సంగతైనా, పేర్లు మార్చి రాయవచ్చు. చెప్పకూడని రహస్యమైతే చెయ్యి పట్టుకున్నంతవరకూ రాసి ఆపెయ్యి.

గోదావరి వాతావరణం కోసం కొన్ని తెచ్చిపెట్టావు. పులస చేప, ఆత్రేయపురం పూతరేకులు, పడవ మీద సూర్యాస్తమయం. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అనే సామెత కూడా వేశావు. వరద నీటికి ఎదురీదుతూ సముద్రం నుంచి పులస వచ్చే కాలమే అది, నిజమే. కానీ శ్రావణమాసం అని మీ ఇంట్లో ఆ నెలంతా నీచు వండలేదని మొదటి పేజీలో నువ్వే రాశావు. మరి పులస ఎవరింట్లో ఉడికింది? గోదావరి అనగానే అందరూ రాసేవి తీసెయ్యి. గోదావరి పాయ వశిష్ఠ గట్టు మీద నుంచి వచ్చే తడిగాలికి బట్టలు రెండు రోజులైనా ఆరకపోవడం నువ్వు చూసింది, దాన్ని ఉంచు. "ఆయ్" అని మాటమాటకీ తగిలించడం కూడా తగ్గించు. మీ అమ్మమ్మ గోదావరి మనిషని ఆవిడ వాక్యం నడకలోనే తెలుస్తోంది. "నువ్వు తినేసి లే, ఆనక మాట్లాడుకుందాం" అన్న ఒక్క మాటలో మొత్తం ఉంది.

చివరి పేరా, నగర జీవితం ఎంత యాంత్రికమో, పల్లె ఎంత ప్రశాంతమో చెప్పేది, మొత్తం కొట్టెయ్యమని నా సలహా. ఆ ఇంట్లో నీకు దొరికిన ప్రశాంతత నిజమైనదే. నీకు అది దొరకడానికి అత్తయ్యో అమ్మమ్మో తెల్లవారుజామునే లేచి ఉంటారు కదా, అది కూడా రాస్తే ప్రశాంతత తక్కువైపోదు, ఎవరు ఇచ్చారో తెలిసి ఇంకా విలువ పెరుగుతుంది. రైలెక్కిన రాత్రి హైదరాబాద్ గురించి టెన్షన్ మొదలైందని రాసిన రెండు వాక్యాలు మాత్రం బాగున్నాయి, వాటిని మధ్యలోకి తెచ్చుకో.

ఎంత పొడుగు ఉండాలి అని కూడా అడిగావు. ఆవ కలిపేచోటా, లేసు దగ్గరా ఎంతైనా ఆగు. శుక్రవారం ప్రయాణానికి ఒక వాక్యం చాలు. అన్ని రోజులకీ సమానంగా పేజీలు పంచాలని ఎవరూ అడగరు.

దసరాకి మళ్లీ వెళ్తానన్నావుగా. లేసు ఏజెంటు వాళ్ల వీధికి ఏ రోజు వస్తాడో అమ్మమ్మని ముందే ఫోన్ చేసి కనుక్కో. వీలైతే ఆ రోజు ఇంట్లో ఉండేలా టికెట్ తీసుకో. లెక్క ఎలా చూస్తాడో, పువ్వు బాగోలేదని పక్కన పడేస్తే అమ్మమ్మ ఏమంటుందో విను. కుట్ల పేర్లు ఆవిడ నోటితో ఎలా పలికితే అలాగే రాసుకో, నాకు కూడా పంపు. నాకు తెలిసినవి కొన్నే. తిరగరాసిన వ్యాసం వాట్సాప్‌లో పెట్టినా సరే, ప్రింటు తీయించుకుని చదువుతాను. మీ అత్తయ్యని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ పిన్ని