కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు అసిస్టెంట్ కోచ్‌గా ఎవరిని తీసుకోవాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీ డిగ్రీ కాలేజీ ఫుట్‌బాల్ జట్టును ఇన్నాళ్లూ ఫిజికల్ డైరెక్టర్ గారు ఒక్కరే చూసుకుంటున్నారు. ఇప్పుడు ఒక అసిస్టెంట్ కోచ్‌ను పెట్టుకోవడానికి యాజమాన్యం ఒప్పుకుంది. రాష్ట్ర జట్టుకు ఆడిన మాజీ ఆటగాడొకరు, కోచింగ్ సర్టిఫికెట్ ఉన్న యువకుడొకరు దరఖాస్తు పెట్టుకున్నారు, మీ పాత విద్యార్థి మరొకరు జీతం లేకుండానే చేస్తానంటున్నారు. వీరిలో ఎవరిని తీసుకోవాలి, దేన్ని చూసి నిర్ణయించాలి అని అడిగారు. సికింద్రాబాద్‌లోని ఒక డిగ్రీ కాలేజీలో నేను చాలా ఏళ్లు ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేశాను, ఈ నియామకం రెండుసార్లు చేశాను. మొదటిసారి చేసిన పొరపాటు వల్ల మా పిల్లలకు ఒక సీజన్ పోయింది కనుక అక్కడి నుంచే చెబుతాను.

అప్పుడు మేము పేరు చూసి తీసుకున్నాం. ఆయన పెద్ద టోర్నమెంట్లలో ఆడినవారు, మంచి మనిషి, బంతి ఆయన కాలికి అందితే చాలు పిల్లలు కళ్లప్పగించి చూసేవారు. ప్రాక్టీసులో రెండు జట్లుగా విడదీయగానే ఆయన కూడా ఒక జట్టులో దిగేవారు. పిల్లలకు అది పండగే గానీ, ఆయన ఆడుతున్నంతసేపూ ఆటను బయటి నుంచి చూసే మరో కన్ను మాకు లేకుండా పోయింది. ఎవరు పరుగు తగ్గించారో, ఎవరు చీలమండ నొప్పిని దాచుకుని ఆడుతున్నారో ఆయనకు తెలిసేది కాదు. ఆ ఏడాది ఇంటర్ కాలేజీ సెమీఫైనల్లో మేము ఒక గోల్ ముందున్నాం. ఇంకా పావుగంట ఆట మిగిలి ఉండగా నేను మా రైట్ బ్యాక్‌ను (కుడివైపు డిఫెండర్‌ను) వెనకే ఉండమని కేకేశాను, మైదానం పక్క గీతకు అవతలి కొస నుంచి ఆయన ముందుకు వెళ్లమని కేకేశారు. ఆ పిల్లవాడు ఉన్నచోటే ఆగి ఒకసారి నావైపు, ఒకసారి ఆయనవైపు చూశాడు, ఆ చూపు మళ్లేలోపే బంతి అతని పక్క నుంచి దాటిపోయింది. మ్యాచ్ ఓడిపోయాం. తప్పు ఆ పిల్లవాడిది కాదు, ఆయనదీ కాదు. ఆయన ఏ పని చూడాలో, మ్యాచ్ జరుగుతున్నప్పుడు ఎవరి మాట చెల్లాలో నేను ఒక్కరోజు కూడా కూర్చుని మాట్లాడలేదు.

అందుకే అభ్యర్థుల సంగతి ఆలోచించే ముందు, మీ ఫిజికల్ డైరెక్టర్ గారి ప్రాక్టీసును ఒక వారం గమనించి, ఆయనకు ఎక్కడ చేతులు చాలడం లేదో కాగితం మీద రాసుకోండి. మేము అలా రాసుకున్నప్పుడు మూడు లోట్లు తేలాయి. మాకు ముగ్గురు గోల్‌కీపర్లు ఉండేవారు గానీ వారికంటూ విడిగా సాధన ఏదీ లేదు, మిగతావారు కొట్టే షాట్లకు ఎదురుగా నిలబడటమే వారి ప్రాక్టీసు. తొడ కండరం పట్టేసి కూర్చున్న కుర్రవాడు నాలుగు రోజులకే ‘తగ్గిపోయింది సార్’ అంటూ వచ్చి ఆడేవాడు, వారం తిరక్కుండా మళ్లీ కూర్చునేవాడు. వార్మప్‌ను కెప్టెన్‌కు వదిలేశాం, అది గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లతో ముగిసేది. మాకు కావలసింది మరో హెడ్ కోచ్ కాదని, ఈ మూడు పనులను తనవిగా భావించి చేసే మనిషి అని అప్పుడు అర్థమైంది.

రెండోసారి ముగ్గురిని పిలిచి, గదిలో పది నిమిషాలకు మించి మాట్లాడలేదు. మూడు ఉదయాలు, ఒక్కొక్కరికి ఒక గంట చొప్పున, అదే పద్దెనిమిది మంది పిల్లలను, పది బంతులను అప్పగించి, గోల్‌కీపర్లకూ రిజర్వ్ ఆటగాళ్లకూ ప్రాక్టీసు చేయించమన్నాం. నేను మెట్ల మీద కూర్చుని రెండే విషయాలు రాసుకున్నాను: పిల్లలు వరుసలో ఊరికే నిలబడిన సమయం ఎంత, గంట ముగిసేసరికి కోచ్ ఎంతమందిని పేరు పెట్టి పిలుస్తున్నారు. మొదటాయన వేయించిన డ్రిల్ చూడముచ్చటగా ఉంది గానీ, ఒక్కో పిల్లవాడికి బంతి అందేసరికి రెండు నిమిషాలు పట్టేది. రెండో ఆయన చక్కగా మాట్లాడారు, గంటలో ఇరవై నిమిషాలు మాటలకే పోయాయి. మూడో ఆయన మాకంటే ముందే గ్రౌండ్‌కు వచ్చి, ప్రతి బంతినీ బొటనవేలితో నొక్కి చూసి, మరీ గట్టిగా ఉన్న రెండింటిలో కొంచెం గాలి తీసేశారు. తర్వాత అటెండెన్స్ రిజిస్టర్ అడిగి తీసుకుని ఒక్కొక్కరి ముఖం చూస్తూ పేర్లు చదువుకున్నారు.

మిగతావారిని చిన్న చిన్న జట్లుగా ఆటలో పెట్టి ఆయన మా మూడో గోల్‌కీపర్ దగ్గరకు వెళ్లారు. మొదటి ఏడాది కుర్రవాడు, బంతి మీదకు వస్తే ముఖం పక్కకు తిప్పుకునేవాడు. ఆయన అతన్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టి, మూడడుగుల దూరం నుంచి బంతిని చేత్తో మెల్లగా విసురుతూ, బంతి చేతికి తగిలిన క్షణంలో పైకి ‘అందింది’ అనమన్నారు. ఆ మాట సమయానికి అనాలంటే కళ్లు బంతి మీదే ఉండాలి కదా. నాలుగైదు విసుర్లకొకసారి ఒక అడుగు వెనక్కి జరుగుతూ పోయారు. అరగంట తర్వాత ఆ పిల్లవాడు లేచి నిలబడి, పన్నెండు అడుగుల నుంచి కాలితో కొట్టిన బంతిని కళ్లు తెరిచి పట్టుకున్నాడు. నేను రెండేళ్లుగా ఇలాంటి పిల్లలకు ‘భయపడకు’ అని చెబుతూ వచ్చానే తప్ప, భయం పోయే దారి చూపలేదు. ఆ రోజే నిర్ణయం అయిపోయింది.

బోధించడం వేరే విద్య అని హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ తెలిసినవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. రహీం సాబ్ అని మనం తలుచుకునే సయ్యద్ అబ్దుల్ రహీం గారు బడిలో పాఠాలు చెప్పి వచ్చిన మనిషి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ టోర్నమెంట్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగా భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. అలవాటు లేని కాలితోనే బంతి ఆడాలనే నియమం పెట్టి ఆయన పోటీలు నడిపించేవారు. పిల్లవాడికి రానిదేదో కనిపెట్టి దానికొక అభ్యాసం కల్పించడం ఉపాధ్యాయుడి ఆలోచన, మీ అభ్యర్థుల్లో వెతకవలసింది అదే. అంటే మాజీ ఆటగాడు పనికిరారని కాదు. ఆయనకు నేర్పే ఓపిక కూడా ఉంటే రెండో ఆలోచన లేకుండా ఆయననే తీసుకోండి.

సర్టిఫికెట్ల విషయం క్లుప్తంగా చెబుతాను. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య లైసెన్సులు కింది నుంచి పైకి డి, సి, బి, ఏ, ప్రో అని మెట్లుగా ఉంటాయి, గోల్‌కీపింగ్ కోచింగ్‌కు విడిగా కోర్సులున్నాయి. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) ఇచ్చే డిప్లొమా వేరు, అదే సంస్థ ఇచ్చే ఆరు వారాల సర్టిఫికెట్ వేరు, దరఖాస్తులో ‘ఎన్ఐఎస్’ అని మాత్రమే ఉంటే ఏదో అడిగి తెలుసుకోండి. కాలేజీ జట్టు అసిస్టెంట్‌కు డి లేదా సి చాలు. కాగితం ఏదైనా, ఫిఫా 11 ప్లస్ వార్మప్‌ను పిల్లలతో చేయించి చూపమనండి. మూడు భాగాలు, 15 వ్యాయామాలు, సుమారు 20 నిమిషాలు పడుతుంది, గాయాలు తగ్గించడానికే రూపొందించినది. మోకాలు లోపలికి వంగుతున్న పిల్లవాడిని ఆపి సరిచేస్తున్నారా, లేక అంకెలు లెక్కపెట్టి ముగిస్తున్నారా అన్నది అందులో తేలిపోతుంది.

పిల్లల భద్రత విషయంలో మాత్రం ఎవరికీ మినహాయింపు ఇవ్వవద్దు. 2004 డిసెంబరు 5న బెంగళూరులో ఫెడరేషన్ కప్ ఫైనల్లో గోవాకు చెందిన డెంపో క్లబ్ ఆటగాడు క్రిస్టియానో జూనియర్ గోల్ కొడుతూ గోల్‌కీపర్‌తో ఢీకొని కుప్పకూలి ప్రాణాలు కోల్పోయారు. ఆ వార్త చదివిన రోజు నుంచి గీత పక్కన నిలబడే పెద్దలందరికీ సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీని నొక్కుతూ చేసే ప్రథమ చికిత్స) వచ్చి ఉండాలని నేను పట్టుబడుతూ వచ్చాను. మీ అసిస్టెంట్‌కు రాకపోతే చేరిన నెలలోనే నేర్పించండి. డిగ్రీ మొదటి ఏడాదిలో 18 నిండని పిల్లలుంటారు, పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం వారికి వర్తిస్తుంది. అందుకని, అభ్యర్థి ఇంతకుముందు పనిచేసిన చోటికి మీరే ఫోన్ చేసి మాట్లాడండి. ‘ఆయన ఎలాంటివారు’ అంటే అందరూ మంచివారనే చెబుతారు. ‘మీ పిల్లలను మళ్లీ ఆయన వెంట బయటి ఊరి టోర్నమెంటుకు పంపుతారా’ అని అడిగితే, జవాబుకు ముందు వచ్చే మౌనం కూడా మీకు ఎంతో కొంత చెబుతుంది.

జీతం వద్దంటున్న మీ పాత విద్యార్థి ప్రేమను నేను తక్కువ చేయను. కానీ ఉద్యోగమో, ఇంట్లో అవసరమో అడ్డొచ్చి ఆయన ఉదయం ఆరింటికి రాలేనన్న రోజున, ఎందుకు రాలేదని అడిగే హక్కు మీకుండదు, రాలేనని చెప్పడానికి ఆయనకూ మొహమాటంగా ఉంటుంది. మా కొత్త కోచ్‌కు మేము నెలకు 12 వేలు, పెట్రోలు ఖర్చు విడిగా ఇచ్చాం. గోల్‌కీపర్లు, వార్మప్, గాయపడినవారిని మళ్లీ ఆటలోకి తేవడం ఆయన బాధ్యత అనీ, మ్యాచ్ మధ్యలో ఆటగాళ్లకు సూచనలు నా ద్వారానే వెళ్లాలనీ నియామక పత్రంలోనే రాసుకున్నాం. మీ పాత విద్యార్థిని మ్యాచ్‌లు వీడియో తీయడానికి, ప్రయాణాల్లో జట్టుకు తోడుగా ఉండటానికి పిలిచి, వచ్చిన ప్రతిసారీ కొంత గౌరవ భృతి ఇవ్వండి. మిగిలిన ఇద్దరికీ వచ్చే వారమే చెరో ఉదయం గ్రౌండ్ అప్పగించండి. ఈ ఏడాది జట్టు ఎంపికలు మొదలు కాకముందే అది పూర్తయితే, కొత్తగా వచ్చే ఆయన తాను తీర్చిదిద్దవలసిన గోల్‌కీపర్లను తానే చూసి ఎంచుకోగలుగుతారు.