విద్యుదయస్కాంత చర్యల్లో సౌష్ఠవ భంగం ఉంటుందా?

పారిటీ అనే కుడి-ఎడమల సౌష్ఠవాన్ని, కణ-ప్రతికణ సౌష్ఠవాన్ని, కాలాన్ని వెనక్కి తిప్పినా నియమాలు మారవనే కాల విపర్యయ సౌష్ఠవాన్ని విద్యుదయస్కాంత బలం భంగపరచినట్టు ఇంతవరకు ఏ ప్రయోగంలోనూ తేలలేదు. ఎందుకంటే ఈ బలాన్ని మోసే ఫోటాన్‌కు కావలసింది విద్యుదావేశం మాత్రమే. ఎలక్ట్రాన్ స్పిన్ కుడివాటమా, ఎడమవాటమా అన్నది దానికి పట్టదు, రెండింటితోనూ ఒకే బలంతో చర్య జరుపుతుంది. బలహీన బలాన్ని మోసే డబ్ల్యూ బోసాన్ అలా కాదు, ఎడమవాటం కణాలనే ఎంచుకుంటుంది.

విద్యుదయస్కాంత బలం వల్ల విచ్ఛిన్నమయ్యే తటస్థ పయాన్ అనే ఆవేశం లేని కణాన్నే చూడండి. అది దాదాపు 98.8 శాతం సార్లు రెండు ఫోటాన్లుగా విచ్ఛిన్నమవుతుంది. మూడుగా విడిపోవడం ఇంతవరకు ఎవరికీ కనిపించలేదు. కణాన్ని ప్రతికణంగా మార్చి చూస్తే ఒక్కో ఫోటాన్ గుర్తు మైనస్, పయాన్‌ది ప్లస్. రెండు మైనస్‌ల లబ్ధం ప్లస్ కాబట్టి లెక్క సరిపోతుంది, మూడింటితో పొసగదు.

విద్యుదయస్కాంత బలం పారిటీని భంగపరుస్తుందన్న అపోహకు మూలం సాధారణంగా అమెరికాలోని స్లాక్ అనే కణ భౌతిక ప్రయోగశాలలో 1978లో జరిగిన ప్రయోగం. కుడివాటం, ఎడమవాటం ఎలక్ట్రాన్లు డ్యుటీరియంను (భార హైడ్రోజన్‌ను) ఢీకొని చెదిరిన తీరులో పదివేలలో ఒక వంతు స్థాయి తేడా కనిపించింది. ఢీకొన్నది ఎలక్ట్రాన్లు కదా, తప్పు ఫోటాన్‌దే అనుకుంటారు. నిజానికి ఆ తేడా ఫోటాన్‌తో పాటు బలహీన బలాన్ని మోసే మరో కణమైన జెడ్ బోసాన్ కూడా పాల్గొనడం వల్ల వచ్చింది.

అలాగని విద్యుదయస్కాంత బలం అన్ని సౌష్ఠవాలనూ కాపాడుతుందనుకోవడమూ పొరపాటే. ప్రోటాన్, న్యూట్రాన్‌లను ఒకే కోవలో చూసే ఐసోస్పిన్ అనే సౌష్ఠవాన్ని అది నిస్సంకోచంగా భంగపరుస్తుంది: ఒకదానికి ఆవేశం ఉంది, రెండోదానికి లేదు.