నాన్న ఊరెళ్ళాడని చెప్పాం, ఇప్పుడెలా?

ప్రశ్న: నెల క్రితం మా బావగారు గుండెపోటుతో పోయారు. ఆరేళ్ళ మేనల్లుడికి ‘నాన్న ఊరెళ్ళాడు’ అని చెప్పి పెద్దకర్మకూ దూరంగా ఉంచాం. వాడు రోజూ గుమ్మంలో కూర్చుంటున్నాడు, రాత్రిళ్ళు పక్క తడుపుతున్నాడు. విజయవాడ హాస్టల్లో ఇంటర్ చదివే మేనకోడలు అసలు ఏడవలేదు. ఫోన్ చేస్తే ‘బాగానే ఉన్నా మామయ్యా’ అంటుంది. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: బాబుకు ఈ వారమే నిజం చెప్పండి. ఎదురుచూపే వాణ్ణి ఎక్కువ నలిపేస్తోంది. అక్కయ్యగారు చెబితే మేలు. ఆమె వల్ల కాకపోతే ఆమె పక్కనుండగా మీరు చెప్పండి. పగటిపూట, అన్నం తిన్నాక, టీవీ కట్టేసి: “నాన్న గుండె ఆగిపోయింది. చనిపోయాడు. ఇక తిరిగి రాడు. ఊరెళ్ళాడని మేం చెప్పింది నిజం కాదు.” అంతే. తర్వాత వాణ్ణి మాట్లాడనివ్వండి. అదే ప్రశ్న పదిసార్లు అడిగినా అదే జవాబు. ‘నిద్రపోయాడు’ అంటే పడుకోవడానికి భయపడతాడు, ‘దేవుడు తీసుకెళ్ళాడు’ అంటే అమ్మనూ తీసుకెళ్తాడేమోనని వణుకుతాడు.

తన అల్లరి వల్లే ఇలా అయిందని ఈ వయసు పిల్లలు లోలోపల అనుకుంటారు, పైకి అడగరు. “నీ వల్ల కాదు” అని మీరే అనండి. పక్క తడిపితే తిట్టకుండా దుప్పటి మార్చండి. ఏడ్చిన ఐదు నిమిషాలకే ఆటకు పరుగెత్తితే వెళ్ళనివ్వండి, పిల్లల దుఃఖం అలా విడతలుగానే వస్తుంది. వచ్చే మాసికానికి దండ వేస్తావా అని అడగండి. వద్దంటే బలవంతం వద్దు. ‘ఇక ఇంటికి నువ్వే మగదిక్కు’ అనే బంధువులను మాత్రం అక్కడికక్కడే ఆపండి.

అమ్మాయికి ఫోన్ చాలదు. ప్రతి ఆదివారం ఒకే వేళకు మీరే వెళ్ళండి, ఔట్‌పాస్ తీసుకుని టిఫిన్‌కు తీసుకెళ్ళండి. ‘ఎలా ఉన్నావ్’ అంటే ‘బాగున్నా’ అనే వస్తుంది. బావగారికి ఇష్టమైనవేవో మీరే కదపండి. తను మాట్లాడకపోయినా పక్కనే ఉండండి. ఏడవకపోవడం తప్పు కాదు. ‘చదువులో పడితే మరిచిపోతుంది’ అనుకోకండి. దుఃఖంలో ఏకాగ్రత, జ్ఞాపకశక్తి తగ్గుతాయి, వీక్లీ టెస్టు మార్కులూ పడిపోతాయి. వార్డెన్‌కూ నమ్మకమైన లెక్చరర్‌కూ ముందే చెప్పి, అవసరమైతే క్లాసు నుంచి లేచి వెళ్ళే అనుమతి అడగండి. ఫీజు ఎవరు కడతారో కూడా స్పష్టంగా చెప్పండి. ఈ వయసువాళ్ళు దాని గురించి నోరు విప్పకుండా కుమిలిపోతారు.

ఇద్దరిలో ఎవరికి తిండి, నిద్ర పూర్తిగా తప్పినా, ‘నాన్న దగ్గరికే వెళ్ళిపోతా’ అన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉచితం, రాత్రీపగలూ తెలుగులోనే మాట్లాడతారు.