క్రిస్మస్ చెట్టు ఆర్నమెంట్లు: కంపెనీ పేరు చూసి కొనాలా, కళాకారుల పేరు చూసి కొనాలా?

క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే అలంకరణ బొమ్మల (ఆర్నమెంట్ల) సేకరణ కొత్తగా మొదలుపెడుతున్నానని, కంపెనీ పేరు చూడాలో కళాకారుల పేరు చూడాలో తెలియడం లేదని మీరు అడిగారు. చాలా ఏళ్లుగా వీటిని సేకరిస్తున్నాను కాబట్టి తడుముకోకుండా చెబుతాను: బొమ్మను రూపొందించిన మనిషి పేరు చూడండి. ఒకే కంపెనీ పేరు కింద ఎన్నో చేతులు పనిచేస్తాయి.

అమెరికన్ గ్రీటింగ్ కార్డుల కంపెనీ హాల్‌మార్క్ సంగతే తీసుకోండి. 'కీప్‌సేక్' పేరుతో అది అమ్మే ఆర్నమెంట్లు 1973లో 18 రకాలతో మొదలయ్యాయి; అన్నీ గాజు గోళాలు, నూలు బొమ్మలే. శిల్పులు ఒక్కొక్కరుగా పేరు తెచ్చుకున్నది తర్వాతి కాలంలో. 1991లో లిన్ నార్టన్ స్టార్ ట్రెక్ అనే సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్‌లోని అంతరిక్ష నౌక ఎంటర్‌ప్రైజ్‌ను చేశారు. అదే ఏడాది డాన్ పామిటర్ 1957 నాటి కార్వెట్ అనే స్పోర్ట్స్ కారుతో పాత అమెరికన్ కార్ల వరుసను ప్రారంభించారు. ఈ రెంటినీ చేతిలోకి తీసుకుని తిప్పి చూడండి. ఆర్నమెంటుకు వెనుక వైపు అంటూ ఉండదు. పైగా ఒకే కొక్కేనికి వేలాడుతూ ముక్కు కిందికి వాలకుండా నిలవాలి. అంత పొడవైన నౌకకు ఆ తూకం కుదర్చడం చిన్న విషయం కాదు. నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేది అదే.

గాజు బొమ్మల లెక్క వేరు. రూపకర్త ముందు నమూనా చెక్కుతారు, దాన్నిబట్టి రెండు భాగాలుగా తెరుచుకునే అచ్చు తయారవుతుంది. వేడి గాజును ఆ అచ్చులోకి ఊదుతారు. చల్లారాక అచ్చు తెరుచుకోవాలి కదా, అందుకే లోపలికి మెలి తిరిగిన వంపులు పెట్టడానికి వీలుండదు. శాంటా చంక కింద ఖాళీ చూపలేరు; ఆ లోతును రంగుతోనే తేవాలి. లోపల సిల్వర్ నైట్రేట్ ద్రావణంతో వెండిపూత వేసి, పైన చేత్తో రంగులద్దుతారు. ఈ హద్దులు ఎరిగి గీసిన బొమ్మ చూడగానే తెలిసిపోతుంది: మడతలు నున్నగా, ముఖం స్పష్టంగా ఉంటాయి.

ఈ పద్ధతికి అమెరికాలో మళ్లీ ఆదరణ తెచ్చినవారిలో గాజు ఆర్నమెంట్ల రూపకర్త క్రిస్టఫర్ రాడ్కో ముఖ్యులు. 1983లో ఆయన ఇంట్లో క్రిస్మస్ చెట్టు కూలి, కుటుంబం తరతరాలుగా దాచుకున్న గాజు బొమ్మలు పగిలిపోయాయి. వాటి స్థానంలో పోలండ్‌లో కొత్తవి ఊదించడంతో ఆయన వ్యాపారం మొదలైంది.

కళాకారుల సంతకం ఉన్నదానికే ఎక్కువ ఇవ్వాలా? నా దృష్టిలో, ఎదుట నిలబడి సంతకం చేయించుకుంటే దాని విలువ మీకు మాత్రమే తెలుస్తుంది. కేవలం సంతకం కోసం అదనంగా చెల్లించను. ఆ డబ్బుతో అదే శిల్పి వేర్వేరు సంవత్సరాల్లో చేసిన బొమ్మలు కొని పక్కపక్కన పెట్టుకుంటాను. పెట్టెలు మాత్రం పారేయకండి. నా దగ్గరున్న చాలావాటికి శిల్పి పేరు ఉన్నది పెట్టె మీదే.