స్కూల్లో సినిమాలు, వీడియోలు చూపిస్తే పిల్లలకు మానవ హక్కులు తలకెక్కుతాయా? అని అడిగినవారికి

ఎక్కుతాయండీ. తట్టుకోలేనిది మనమే.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా, రాజ్యాంగంలో 17వ అధికరణ అంటే అంటరానితనం నిషేధం అని చెప్పేస్తారు. రెండు మార్కులు. అక్కడితో దాని పని అయిపోతుంది.

రెండేళ్ల కిందట డిసెంబర్ 10న, మానవ హక్కుల దినోత్సవం కదా అని, తొమ్మిదో తరగతికి ‘ఫ్యాండ్రీ’లో ఓ ముక్క చూపించాను. నాగరాజ్ మంజులే 2013లో తీసిన మరాఠీ సినిమా. కింద వచ్చే ఇంగ్లీషు మా వాళ్లు చదివేలోపే మాయమైపోతుంది. అందుకని పక్కన నిలబడి హరికథ దాసులా నేనే తెలుగులో చెప్పుకుంటూ పోయాను. జబ్యా అనే కుర్రాడి ఇంటివాళ్లు ఊళ్లో పందుల్ని పట్టాలి. తోటి పిల్లలు నవ్వుతూ చూస్తుంటే వాడూ పట్టాలి. తీరా పంది చిక్కే సమయానికి బడిలో జనగణమన మొదలవుతుంది. అందరూ కదలకుండా నిలబడిపోతారు. పంది దాని దారిన అది పోతుంది.

క్లాసంతా గొల్లుమంది. అక్కడే ఆపి, ఎందుకు నవ్వారర్రా అన్నాను. చప్పుడు లేదు. మామూలుగా అయితే ఉపన్యాసం దంచేవాణ్ణే, కానీ అప్పటికే గొంతు పోయింది. కాసేపటికి రెండో బెంచీలో అమ్మాయి లేచింది.

"సార్, మన స్టాఫ్‌రూమ్ క్యారేజీలు రోజూ వాళ్లిద్దరే ఎందుకు కడుగుతారండీ?"

ఆ ఇద్దరూ ఏ పేట పిల్లలో చెప్పక్కర్లేదనుకుంటా. ఆ క్యారేజీల్లో ఒకటి నాది.

మర్నాటి నుంచి నాది నేనే కడుక్కుంటున్నాను. పిల్లలకు లేనిపోనివి ఎక్కిస్తున్నానని ఓ సీనియర్ మేష్టారు నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు.

పూర్తి సినిమా మాత్రం పెట్టకండి. ఉన్నదే ముప్పావుగంట పీరియడ్, టీవీలో సౌండ్ వచ్చేసరికే అందులో పావుగంట హరీ. పది నిమిషాల ముక్క చాలు, తర్వాత మీరు నోరు మూసుకోండి. ఇక వెనకాల ఏడుపు ఫ్లూటు, చివర్లో ఓ పెద్దమనిషి నీతిబోధ ఉండే అవగాహన వీడియోలంటారా, వాటి జోలికే వెళ్లొద్దు. పిల్లలకు ముందే తెలిసిపోతుంది, చప్పట్లు రెడీగా పెట్టుకుని కూర్చుంటారు.

ఆ సినిమా చివర్లో జబ్యా విసిరిన రాయి నేరుగా చూసేవాళ్ల మీదకే వస్తుంది. ఆ ముక్క ఓసారి స్టాఫ్‌రూమ్‌లో వేయాలని ఉంది. ఇంకా ధైర్యం చాలడం లేదు.