వేంగి చూడబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి తణుకు నుంచి పెద్దత్తయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల్లో స్నేహితులతో కలిసి వేంగి చూడటానికి వెళుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. సంతోషం. కానీ నిరుడు హంపి చూసి వచ్చావు కదా, అదే లెక్కలో, ఒకప్పటి రాజధాని వేంగి ఉన్న ఇప్పటి పెదవేగికి వెళితే పావుగంటలో వెనక్కి తిరుగుతావు. అక్కడ రాతిరథం లేదు, ఏనుగుల శాల లేదు. ఊరు, తోటలు, వాటి మధ్య దిబ్బలు, అంతే. "ఇదేనా వేంగి?" అని మొహం వేలాడేసుకుని వచ్చినవాళ్లు మన చుట్టాల్లోనే ఉన్నారు. వాళ్లకు ముందే నాలుగు ముక్కలు చెప్పేవాళ్లు లేకపోయారు. నీకు నేనున్నాను.

ఏమీ లేకపోవడానికి కారణం ఉంది. ఇటువైపు పట్నాలు కట్టింది ఎక్కువగా ఇటుకతో, మట్టితో, కలపతో. కలప చెదలపాలు, మట్టి వానపాలు. పాత ఇటుక దొరికితే మనవాళ్లు ఊరుకుంటారా? నుయ్యికో, గోడకో, గట్టుకో పనికొస్తుంది. మిగిలినదాని మీద నాగలి నడిచింది. కాబట్టి నువ్వు అక్కడ చూడవలసింది కట్టడాలను కాదు, నేలను.

వెళ్లేముందు ఈ కాస్త గుర్తుపెట్టుకో. సముద్రగుప్తుడి అలహాబాదు శాసనంలో అతడు ఓడించిన దక్షిణాది రాజుల జాబితా ఉంది. అందులో వేంగి రాజు హస్తివర్మ పేరు కనిపిస్తుంది. అతడు శాలంకాయన వంశపు రాజు. అంటే నాలుగో శతాబ్దానికే ఈ ఊరి పేరు ప్రయాగ దాకా తెలుసు. శాలంకాయనుల తర్వాత ఇక్కడ ఏలినవాళ్లు విష్ణుకుండినులు. వాళ్ల తర్వాత బాదామి నుంచి చాళుక్యరాజు రెండో పులకేశి వచ్చిపడ్డాడు. 634 నాటి ఐహోలు శాసనం పిష్టపురం పట్టుకున్న సంగతీ, కునాల సరస్సులో నీళ్లు నెత్తురుతో ఎర్రబడిన సంగతీ చెబుతుంది. పిష్టపురం మన పిఠాపురం. కునాల మన కొల్లేరేనని చరిత్రకారుల మాట. పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు 624లో ఇక్కడ మొదలుపెట్టిన వంశమే తూర్పు చాళుక్యులు. ఆ శతాబ్దంలోనే ఇటు వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ ఆంధ్రదేశపు రాజధాని చుట్టుకొలత ఇరవై 'లీ'లని రాశాడు. అది వేంగేనంటారు. మన లెక్కలో ఇంచుమించు పది కిలోమీటర్లు. తర్వాత రాజధాని రాజమహేంద్రవరానికి మారింది. నన్నయ నాటికి వేంగి అంటే ఊరు కాదు, దేశం పేరు.

ఏలూరులో రైలు దిగితే పెదవేగి పన్నెండు కిలోమీటర్లు. బస్సులో కూర్చున్నప్పుడు ఫోను చూసుకోకుండా కిటికీలోంచి చూడు. ఏలూరు దాకా కాలువలు, వరిచేలు, నల్లమట్టి. అది దాటి ఉత్తరానికి తిరిగితే నేల కొద్దిగా లేస్తుంది, మట్టి ఎర్రబడుతుంది, పామాయిల్ తోటలు మొదలవుతాయి. డెల్టా అయిపోయి మెట్ట మొదలయ్యే అంచున రాజధాని పెట్టారన్నమాట. వరద అందదు, వరి పండే నేల కళ్లెదుటే ఉంటుంది. రాజు బుర్ర ఎలా పనిచేసిందో ఆ దారిలోనే తెలుస్తుంది. నన్నడిగితే ఆ ప్రయాణమే సగం వేంగి.

ఊళ్లోకి వెళ్లి "వేంగి రాజధాని ఎక్కడండీ?" అని అడగకు. ఎవరైనా ఊరి పేరున్న బోర్డు చూపిస్తారు, వాళ్ల తప్పేం లేదు. పెద్దవయసు రైతు ఎవరైనా కనబడితే "దిబ్బలు ఎటు వైపండీ? దుక్కిలో పాత ఇటుకలు ఎక్కడ తేలతాయి?" అని అడుగు. మంచినీళ్లిచ్చి మరీ చెబుతారు. అక్కడి దిబ్బలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. తవ్వకాలూ జరిగాయి. పొద్దున్నే వెళ్లు, లేదా సాయంత్రం నాలుగు దాటాక. ఎండ ఏటవాలుగా పడితేనే నేల మీది ఎత్తుపల్లాలు నీడలుగా తేలతాయి. మిట్టమధ్యాహ్నం అంతా చదునే.

దిబ్బ అంచున వానకు కోసుకుపోయినచోట వంగి చూడు. మట్టిలో ఇటుక వరస కనబడితే నీ జానతో కొలిచి చూడు. ఇప్పటి ఇటుక దాని ముందు పిల్లలా ఉంటుంది. కుండపెంకులుంటే వాటి అంచు చూడు, లోపలివైపు నలుపా ఎరుపా చూడు, ఫొటో తీసుకో, ఉన్నచోటే వదిలెయ్యి. ఒక్కటీ జేబులో వేసుకోకు. నేలలో దొరికిన పది రూపాయలకు మించిన వస్తువు గురించి కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి నిక్షేపాల చట్టం ఉంది. పెంకు పది రూపాయలు చేయదు కదా అని లా చదివే నీ స్నేహితుడు వాదిస్తాడేమో. చేయదు. కానీ ఏ పొరలో దొరికిందో తెలిస్తేనే దానికి విలువ. మీ బల్ల మీదికి చేరాక అది వట్టి కుండపెంకు. పాత నాణేలంటూ ఎవరైనా అమ్మజూపితే నమస్కారం పెట్టి నడు.

బూట్లు వేసుకో. తోటల్లో ఎలుకలుంటాయి, వాటి కోసం పాములు వస్తాయి. నరికి పడేసిన మట్టల మీద కాలు వెయ్యకు. తోటలోకి వెళ్లేముందు యజమానిని అడగడం మర్యాద.

అదేరోజు గుంటుపల్లి కూడా చుట్టేద్దామని మీవాళ్లు అంటారు. వద్దు. ఆ బౌద్ధ గుహలు చాలా అందమైనవి, కొండలో తొలిచిన గుండ్రటి చైత్యం, అంటే బౌద్ధుల ప్రార్థనా మందిరం, దాని కప్పు చూస్తే కర్ర వాసాలు పరిచారేమో అనిపిస్తుంది. అది చూసిన కళ్లకు దిబ్బలు ఆనవు. దానికి వేరే రోజు పెట్టుకో. మిగిలిన పూట దెందులూరు వెళ్లి భీమలింగ దిబ్బ చూడు, అది పనికొస్తుంది.

మర్నాడు మాత్రం బిక్కవోలు తప్పనిసరి. రాజమండ్రి, సామర్లకోట మధ్య స్టేషను, పాసింజరు ఆగుతుంది. ఇటుక వేంగిని ఏలిన చాళుక్యులే తొమ్మిది, పది శతాబ్దాల్లో అక్కడ రాతిలో గుళ్లు కట్టారు. గోలింగేశ్వరుడి గుడిలో పూజలు జరుగుతాయి, జనం ఉంటారు. పొలాల వైపు ఉన్నవాటికి వెళ్లు. ఒకదాన్ని ఊరివాళ్లు నక్కల గుడి అంటారు. గర్భగుడి మీది విమానం అంతస్తులుగా సన్నబడుతూ పైకి పోతుంది. గోడ గూళ్ల దగ్గర ఆగు. అటూ ఇటూ మకరాలు, వాటి నోళ్లలోంచి వంపు తిరిగి లేచిన తోరణం, కింద దేవుడు. ఒక గూటి ముందు పది నిమిషాలు నిలబడితే చాలు, గుడి చుట్టూ పదిసార్లు తిరగనక్కర్లేదు. ఓపిక మిగిలితే సామర్లకోటలో చాళుక్య భీముడు కట్టించిన భీమేశ్వరాలయం ఉంది. లింగం కింది అంతస్తు నుంచి పై అంతస్తుకు లేస్తుంది. అభిషేకం పైనే చేస్తారు.

తిరుగు ప్రయాణంలో తణుకులో దిగండి. ఎంతమంది వస్తారో ముందురోజే ఫోను చేసి చెప్పు, వంట చేయించాలి. తీసిన ఫొటోలు నాకు చూపించాలి, ముఖ్యంగా ఆ ఇటుక వరసది.

మీ పెద్దత్తయ్య