మార్సేయ్ మీద వ్యాసం: ముందు పట్టిక, తర్వాత కథ

చి. కిరణ్‌కి ఆశీస్సులు.

చిత్తుప్రతి అందింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారి మీద పోరాడిన జర్మన్ ఫైటర్ పైలట్ హాన్స్ యోఆకిమ్ మార్సేయ్ గురించి తెలుగులో వివరంగా రాయాలన్న నీ పట్టుదల బాగుంది. కానీ మొదటి వాక్యంలోనే "158 విమానాలు కూల్చాడు" అని తేల్చేశావు. "158 విజయాలు ఆయన పేరిట నమోదయ్యాయి" అని మార్చు; విజయం అంటే కూల్చినట్టు లెక్కలోకెక్కిన విమానం. ఈ మార్పుకి కట్టుబడితే ప్రతి అంకె దగ్గరా ఆగి, ఎవరు నమోదు చేశారు, అవతలి పక్షం కాగితాల్లో ఏముంది అని చూడక తప్పదు. వ్యాసానికి బలం అక్కడే వస్తుంది.

జర్మన్ల నమోదు తంతు ఇదీ. పైలట్ దిగాక సమయం, చోటు, ఎత్తు, ఎదుటి విమానం రకం రాసి నివేదిక ఇవ్వాలి. చూసిన సాక్షి మాట జతచేయాలి. ఆ కాగితం మెట్టు మెట్టుగా బెర్లిన్‌లోని విమానయాన శాఖకు చేరాలి. ఒక విమానం ఒక్క పైలట్ ఖాతాలోకే వెళ్తుంది. బ్రిటిష్ వాళ్లలా చెరి సగం పంచుకోవడం లేదు. ఇది చూసి జర్మన్ లెక్క తిరుగులేనిదని చాలామంది నమ్ముతారు. ఫారం కట్టుదిట్టంగా ఉన్నంత మాత్రాన అందులో రాసింది జరిగిందని కాదు. ప్రాణం దక్కించుకోవడానికి థ్రాటిల్ (ఇంజిన్ వేగం పెంచే మీట) పూర్తిగా తెరిచి కిందికి దూకే విమానం నల్లగా పొగ కక్కుతుంది. పైనుంచి చూసేవాడికి అది అంటుకున్నట్టే ఉంటుంది. ఇద్దరు ఒకే విమానాన్ని కాల్చి, ఎవరికి వాళ్లు తమదే అనుకుంటారు. ఎడారిలో పొట్ట మీద దిగిన విమానాన్ని లారీకెక్కించి తీసుకెళ్లి బాగుచేసుకోవడమూ ఉండేది. మార్సేయ్‌కి తోడుగా ఎగిరిన రైనర్ పోట్‌గెన్‌కి "ఎగిరే లెక్కల యంత్రం" అని పేరు పడింది. నాయకుడి తోక కాచుకుంటూ కూలినవి లెక్కపెట్టడం ఆయన పని. సాక్షి అంత దగ్గరివాడని మర్చిపోకు. 1942 ఆగస్టులో మార్సేయ్ ఉన్న ఫైటర్ దళంలోనే రెండో గ్రూపెలో (దళంలోని పెద్ద భాగాన్ని గ్రూపె అంటారు) నలుగురు పైలట్ల బృందం ఇచ్చిన లెక్కలే అనుమానంలో పడ్డాయి. అది మార్సేయ్ మీద మచ్చ కాదు, ఆయనది మొదటి గ్రూపె. కానీ కాగితం ఎంత లొంగుతుందో తెలుస్తుంది.

ఇక పని. మొదటి ప్రయత్నానికి 1942 సెప్టెంబర్ 1 జోలికి వెళ్లకు. ఆ రోజు మూడు సార్లు ఎగిరి 17 విజయాలు రాయించుకున్నాడు. ఈజిప్టులో అలమ్ హల్ఫా పోరు మధ్యలో ఉంది, గాల్లో ఎన్నో స్క్వాడ్రన్లు, మిగతా జర్మన్ పైలట్ల లెక్కలు కూడా అదే గుంపు మీద పడతాయి. విడదీయడం చేయి తిరిగినవాళ్లకే కష్టం. 1942 జూన్ 3 తీసుకో. లిబియాలోని బీర్ హకీమ్ దగ్గర దక్షిణాఫ్రికా 5వ స్క్వాడ్రన్ టోమహాక్‌లు (అమెరికా కర్టిస్ సంస్థ ఫైటర్లు), 11 నిమిషాల్లో ఆరు విజయాల నమోదు. ఎదురుగా ఉన్నది ఎవరో తెలుసు కాబట్టి సరిపోల్చడం సులువు.

పెద్ద కాగితాన్ని నిలువుగా రెండు చేయి. ఎడమవైపు జర్మన్ నమోదు: సమయం, చోటు, ఎత్తు, రకం, సాక్షి. కుడివైపు అవతలి నష్టం: స్క్వాడ్రన్, విమానం సీరియల్ నంబర్, పైలట్, ఆయన గతి. బ్రిటిష్ స్క్వాడ్రన్ల దినచర్య పుస్తకాలు లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 వరసలో, దక్షిణాఫ్రికా వాళ్లవి ఎయిర్ 54లో ఉంటాయి. వాటిలో ఫారం 540 రోజువారీ సారాంశం. ఫారం 541లో ఎవరు ఏ విమానంలో ఎప్పుడు లేచారో, ఎప్పుడు దిగారో ఉంటుంది. నీకు కావలసింది 541. చాలామంది 540 చదివి ఆగిపోతారు.

సమయాలు వెంటనే కలపబోకు. రెండు పక్షాల గడియారాలూ ఒకటేనని అనుకుంటే గంట తేడాతో వేరే పోరాటానికి అతుక్కుంటావు. రెండు పక్షాల కాగితాల్లోనూ ఉన్న ఒక సంఘటన, ఉదాహరణకి స్టూకాల (జర్మన్ డైవ్ బాంబర్ల) దాడి, పట్టుకుని ముందు తేడా తేల్చు. రకం పేరు గట్టిగా పట్టుకోకు; దుమ్ములో బ్రిటిష్ ఫైటర్ హరికేన్‌ని కర్టిస్ కిట్టీహాక్ అనడం మామూలే. జతపడని వరసల్ని ఖాళీగా వదిలెయ్యి. ఖాళీ గడి చూసి చిన్నబోయి నింపేస్తే చేసిందంతా వృథా.

దళం పేర్లలో ఒక చిక్కు ఉంది. రోమన్ అంకె ఉంటే గ్రూపె, మామూలు అంకె ఉంటే స్టాఫెల్, అంటే గ్రూపెలోని చిన్న బృందం. మూడో గ్రూపె, మూడో స్టాఫెల్ ఒకటి కావు. నీ చిత్తుప్రతిలో రెండు చోట్ల కలిసిపోయాయి. మార్సేయ్ నడిపింది 27వ యాగ్డ్‌గెష్వాడర్ (ఫైటర్ దళం) మూడో స్టాఫెల్‌ని, 1942 జూన్ నుంచి.

కాల్పుల వర్ణన తగ్గించు. ఆయన నడిపిన మెసర్‌ష్మిట్ 109 ఎఫ్-4లో ప్రొపెల్లర్ నడిమి గుండా కాల్చే 20 మిల్లీమీటర్ల ఫిరంగికి 200 గుళ్లు, ఇంజిన్ మీది రెండు 7.92 మిల్లీమీటర్ల తుపాకులకి చెరి 500. ఫిరంగి నిమిషానికి దాదాపు 700 కాలుస్తుంది, అంటే మొత్తం కూర్చితే 17 సెకన్లు. "నిమిషం పాటు గుళ్ల వర్షం" అని నువ్వు రాసినది జరిగే పని కాదు. ఆయన నేర్పు వేరే చోట ఉంది. రక్షణ వలయంగా తిరిగే విమానాల మధ్యకి దూరి, వేగం తగ్గించి, ఎదుటివాడు రాబోయే చోటుకి ముందుగానే గురిపెట్టి, ఒక చిన్న విడత కాల్చి బయటపడేవాడు. ఇది కాస్త పొడుగ్గానే రాయి.

తొలి రోజుల్ని మాత్రం దాటవేయకు. ఇంగ్లిష్ చానల్ మీద ఏడు విజయాలు, తర్వాత క్రమశిక్షణ లేదని అప్పటి పై అధికారి స్టైన్‌హోఫ్ వదిలించుకోవడం, ఆఫ్రికాలో కొత్త పై అధికారి ఎడ్వర్డ్ నాయ్‌మన్ ఓపిక పట్టడం. 1941 ఏప్రిల్ 23న లిబియాలోని టోబ్రూక్ దగ్గర, మళ్లీ మే 21న, జేమ్స్ డెనీ అనే ఫ్రెంచి పైలట్ హరికేన్‌తో ఆయన్నే కూల్చాడు. రెండుసార్లూ మార్సేయ్ బతికి బయటపడ్డాడు.

ఆఫ్రికాలో నమోదైన 151 విజయాల్ని విడగొట్టి చూపించు: 101 కర్టిస్‌లు, 30 హరికేన్లు, 16 స్పిట్‌ఫైర్లు, రెండు ఇంజిన్ల బాంబర్లు నాలుగు. ఈ నాలుగు దగ్గరే ఆగాలి. జర్మన్ ఏస్‌లు (ఎక్కువ విజయాలున్న పైలట్లు) ఫైటర్ల వెంట పడితే, జర్మన్ సేనాపతి రోమెల్ సరఫరాల మీద బాంబులు వేసేవాళ్లు తమ పని సాగించారు. స్కోరు పెరగడం వేరు, నేల మీది సేనకి కలిగిన మేలు వేరు. అలమ్ హల్ఫా నాటికి అక్కడికి దగ్గరి రువైసాత్ గుట్టని బ్రిటిష్ పక్షాన 5వ భారత డివిజన్ కాపు కాస్తోంది. మన పాఠకుడికి ఆ ఎడారి దగ్గరవడానికి ఒక్క వాక్యం అక్కడ వెయ్యి.

చావు దగ్గర పొరపాటు చేశావు. 1942 సెప్టెంబర్ 30న ఆయన్ని ఎవరూ కూల్చలేదు. కొత్త మెసర్‌ష్మిట్ 109 జి-2లో వెళ్లాడు, శత్రువు తగల్లేదు, తిరిగివస్తుంటే కాక్‌పిట్‌లో పొగ నిండింది. సొంత రేఖల మీదికి వచ్చేదాకా తోటివాళ్లు దారి చెప్పారు. విమానాన్ని తల్లకిందులు చేసి దూకబోయాడు. అది ముక్కు దించేసింది, తోక ఆయన్ని కొట్టింది, పారాచూట్ విచ్చుకోలేదు. ఈజిప్టులోని సిదీ అబ్దెల్ రహ్మాన్‌కి దక్షిణంగా పడ్డాడు. వయసు 22.

నాజీ రాజ్యం ఆయన్ని ప్రచారానికి వాడుకున్న సంగతి ఒక పేరాలో సూటిగా చెప్పు. ఆయనకి ఆ రాజ్యమంటే గిట్టదనే కథల్లో ఎక్కువ భాగం యుద్ధం ముగిశాక తోటివాళ్లు చెప్పినవి. రాయి, కానీ ఎప్పుడు చెప్పిన మాటో పక్కనే రాయి.

మిగతాది దిద్దే ముందు జూన్ 3 పట్టిక పూర్తిచేసి పంపు. ఖాళీ గడులతోనే.

నీ
పెద్దనాన్న